వాషింగ్ మెషీన్‌లో కుంకుడు గింజలు

కొత్తగూడ, హైదరాబాదు
16 జూలై 2024

అన్నయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం అంది పది రోజులు దాటింది. జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు. ఫోను చేస్తే నీకు వినపడదు, నేను గట్టిగా అరిస్తే ఈ మూడు గదుల ఇంట్లో అందరికీ వినపడుతుంది. అందుకని మనకి ఈ ఉత్తరాలే గతి. కొత్తగా కొనిచ్చిన చెవి మిషను పెట్టుకుంటున్నావా, సొరుగులో దాచేశావా? నీ సంగతి నాకు తెలియదూ!

ఇక్కడ మా వాషింగ్ మెషీన్ పాడై ఐదు రోజులైంది. ఐదు రోజులకే ఇల్లు ధోబీఘాట్ అయిపోయింది. మా వెంకట్, కోడలు ప్రవీణ ఇద్దరూ వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళతారు, మిగతా రెండు రోజులు ఇంట్లోనే కూచుని అదే ఆఫీసు చేస్తారు. పిల్లల్లో జశ్వంత్‌కి ఇంటరు కాలేజీ, రసజ్ఞకి స్కూలు. దాని యూనిఫాం రెండు జతలే, బుధవారం తెల్ల డ్రెస్సు వేరే. బయట ముసురు. బాల్కనీ కమ్మీ మీద బట్టలు కనపడకూడదని అసోసియేషన్ వాళ్ళ రూలు. కుర్చీల మీద, తలుపుల మీద, ఫ్యాన్ కింద తాడు మీద, ఎక్కడ చూసినా తడి గుడ్డలే. మొన్న లాండ్రీ వాళ్ళకిస్తే జశ్వంత్ చొక్కాకి బదులు ఎవరిదో లావుపాటి ఆయన చొక్కా తెచ్చిచ్చారు. వాడు అదే వేసుకుని కాలేజీకి పోయాడు, వెధవ!

బాగుచెయ్యడానికి మహేశ్ అని మెకానిక్ వచ్చాడు. కింద చిన్న మూత విప్పి గుప్పెడు నల్ల గింజలు బయటికి తీశాడు. కుంకుడు గింజలు. నీళ్ళు తోడే పంపులో ఇరుక్కుని అది కాస్తా కాలిపోయిందట. పాత మోడలు కనక కొత్త పంపు రావడానికి మూడు వారాలు పడుతుందన్నాడు.

ఇంకేముంది, అందరూ పనిమనిషి ఈరమ్మ వంక చూశారు. ఆదివారం రసజ్ఞకి కుంకుడు రసంతో తలంటేది ఆవిడే, రసం వడకట్టిన గుడ్డ మిషన్లో పడేసేదీ ఆవిడే. ఆగిపోయిన పూట మిషను వేసిందీ ఆవిడే. "నాకెరుక లేదమ్మా" అంది. ప్రవీణకి కోపం వచ్చింది. "పాడుచేసినందుకు కాదు ఈరమ్మా, అబద్ధమాడుతున్నందుకు" అని ఆరేళ్ళుగా చేస్తున్న మనిషిని పంపించేసింది. అంతటితో ఆగలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళ ఫోన్లో పనివాళ్ళ పేర్లుంటాయి, ఎవరైనా ఫిర్యాదు చేస్తే పేరు ఆపేస్తారు. ఇదే అపార్ట్‌మెంట్లో ఇంకో మూడిళ్ళలో చేసేది, ఇప్పుడు గేటే దాటలేదు.

నా మనసేమీ బాగాలేదు. మధ్యాహ్నం అందరూ వెళ్ళాక నేనే బకెట్లో నానబెట్టి ఉతికేస్తున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఏదో ఒకటి చెయ్యకపోతే నాకు ఊపిరాడదు.

ఆయన తద్దినం వచ్చే వారం. ఉంటాను.

నీ చెల్లెలు
కనకం


రామారావుపేట, కాకినాడ
23 జూలై 2024

కనకానికి అన్నయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం సయించలేదు నాకు. డెబ్భై రెండేళ్ళ మనిషివి, నీ చేత నలుగురి బట్టలు ఉతికిస్తారా? అరచేతులు బొబ్బలెక్కేదాకానా? అంత పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి ఏం లాభం, ఎందుకొచ్చిన చదువులవి!

నువ్వు అమాయకురాలివి. పనిమనిషిని ఎందుకు పంపించేశారో నీకు తెలియలేదు, నాకు తెలిసింది. ఊరికే చేసిపెట్టే అత్తగారు ఇంట్లో ఉండగా పనిమనిషి ఎందుకని! గింజలూ గాడిదగుడ్లూ అంతా సాకు. నువ్వు నోరెత్తవు, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకని నేనే ఎత్తాను. వెంకట్‌కి విడిగా ఒక ఉత్తరం రాసి ఇవాళే పోస్టు చేశాను. మేనమామని, ఆ మాత్రం అడిగే హక్కు నాకుంది.

చెవి మిషను సంగతి ఎత్తకు. అది పెట్టుకుంటే పక్కింటి వాళ్ళ మిక్సీ తప్ప ఏమీ వినపడదు.

నీ అన్నయ్య
యజ్ఞనారాయణ


కొత్తగూడ
1 ఆగస్టు 2024

అన్నయ్యా,

ఎంత పని చేశావు! నన్నొక్క మాట అడగకూడదూ?

నీ ఉత్తరం వెంకట్ చదివి బల్ల మీద పెట్టేసి వెళ్ళాడు. ప్రవీణ చదివింది. నా గదిలోకొచ్చి మంచం అంచున కూచుని, "అత్తయ్యా, నేను మీ చేత ఉతికిస్తున్నానా? మీరే చెప్పండి" అంది. అని ఏడ్చేసింది. ఆ పిల్ల ఏనాడూ నా ముందు కంటతడి పెట్టలేదు అన్నయ్యా. ఉదయం ఏడుకి మొదలుపెడితే రాత్రి దాకా దానికి కూచోవడానికుండదు. నేను ఉతుకుతున్నట్టు దానికి తెలియనే తెలియదు, కొత్తగా పెట్టుకున్న మనిషి ఉతికిందనుకుంటోంది. ఇప్పుడు నన్ను బకెట్ ముట్టుకోనివ్వడం లేదు. నా చేతులు పట్టుకుని చూసి మందు రాసింది. నాకు సిగ్గేసింది.

నీకొక మాట చెప్పాలి. చెప్పకపోతే నువ్వు ఇంకో నలుగురికి ఉత్తరాలు రాస్తావు.

ఆ గింజలు ఈరమ్మవి కావు. నావి.

ముసురుకి బీరువాలో ఆయన పట్టుపంచె బూజు పట్టింది. తద్దినానికి ఏటా వెంకట్ అదే కట్టుకుంటాడు. పట్టుకి సబ్బుపొడి పనికిరాదు, కుంకుడు రసమే వెయ్యాలి. నా మణికట్లు ఇప్పుడు పంచె పిండలేవు. అందుకని ఎవరూ లేనప్పుడు కుంకుడుకాయలు చితక్కొట్టి, ఒక గుడ్డలో మూట కట్టి, పంచెతో బాటు మిషన్లో వేసి మీట నొక్కాను. గింజలు ఏరే ఓపిక లేకపోయింది. ముడి గట్టిగా పడలేదు కాబోలు. కాసేపటికి లోపల గలగలమని మోత. ఆపుదామంటే తలుపు రాదు. సందుల్లోంచి ఒకటే నురగ. అంతా తుడిచేసి, పంచె ఆరేసి, ఏమీ ఎరగనట్టు కూచున్నాను. మర్నాడు ఈరమ్మ వేస్తే కాలిన వాసన వచ్చి ఆగిపోయింది.

ఎందుకు చెప్పలేదంటావా? పోయిన నెల పాలు పెట్టి మరిచిపోయాను. పొంగి మంట ఆరిపోయింది, గ్యాస్ వాసన ఇల్లంతా పట్టింది. అప్పటి నుంచీ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వరు. తెల్లాపూర్‌లో పెద్దవాళ్ళని పొద్దున్న దింపేసి సాయంత్రం తీసుకెళ్ళే చోటొకటి ఉందట. దాని కాగితాలు వెంకట్ టేబుల్ మీద చూశాను. ఇంకొక్కటి జరిగితే నన్ను అక్కడ దింపేస్తారు అన్నయ్యా. పిల్లల్ని బడిలో దింపినట్టు. మతి తప్పిందన్న పేరు ఒకసారి పడిందంటే ఇక నా మాటకి ఈ ఇంట్లో విలువుండదు. భయమేసింది.

ప్రవీణ అడుగుతుంటే ఈరమ్మ ఒక్కసారి నా మొహంలోకి చూసింది. చూసి తల దించుకుంది. ఆ చూపు నన్ను నిద్రపోనివ్వడం లేదు.

తద్దినం బాగా జరిగింది. పంచె మెరిసిపోతోందని భోక్తలు కూడా అన్నారు.

కనకం


రామారావుపేట, కాకినాడ
8 ఆగస్టు 2024

కనకం,

ముందు నన్ను నేను తిట్టుకున్నాను, తరువాత నిన్ను తిట్టాను. ప్రవీణకి రెండు ముక్కలు క్షమాపణగా రాశాను. ముసలాడి తొందరపాటని పెద్దమనసు చేసుకోమన్నాను.

ఇక నీ సంగతి. కోర్టులో ముప్పై మూడేళ్ళు బెంచీ గుమాస్తాగా పనిచేశాను. చెయ్యని తప్పు మీద పడినవాడు బోనులో ఎలా నిలబడతాడో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు ఆ బోనులో ఈరమ్మ ఉంది, సాక్షి నువ్వు. సాక్షివేమిటి నీ మొహం, ముద్దాయివే నువ్వు!

చెప్పెయ్యి. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉన్నప్పుడు, కాఫీలు తాగేటప్పుడు, సూటిగా చెప్పెయ్యి. నువ్వు అనుకున్నట్టు ఏమీ కాదు. కన్నతల్లి వచ్చి తప్పు ఒప్పుకుంటే ఏ కొడుకు ఏమంటాడు? నవ్వేసి ఊరుకుంటారు. ఈరమ్మని పిలుస్తారు. నాలుగు రోజుల్లో అంతా సర్దుకుంటుంది. నా మాట విను.

అన్నయ్య


కొత్తగూడ
21 ఆగస్టు 2024

అన్నయ్యా,

నీ మాట విన్నాను. ఆదివారం పొద్దున్న ఇడ్లీలు తినేటప్పుడు చెప్పేశాను. పంచె, కుంకుడుకాయలు, మూట, నురగ, ఒక్కటీ దాచకుండా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రవీణ నా చెయ్యి పట్టుకుని, "అత్తయ్యా, ఈరమ్మ మీద జాలితో మీ మీద వేసుకుంటున్నారు కదూ?" అంది. కాదన్నాను. అప్పుడు వెంకట్ మెల్లిగా, "అమ్మా, ఆ రోజు గ్యాస్ కట్టేశాననే అన్నావు గుర్తుందా? అప్పుడూ ఇంతే నమ్మకంగా చెప్పావు" అన్నాడు. వాడు కోప్పడినా బాగుండేది. పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు. నవ్వలేదు అన్నయ్యా, ఎవరూ నవ్వలేదు.

పోనీ ఈరమ్మకైనా చెప్పుకుందామని సోమవారం మధ్యాహ్నం బయలుదేరాను. కొత్తగూడ ఫ్లైఓవర్ వెనకాల సందులో ఉంటుందని తెలుసు. దారి నాకు బాగా తెలుసు. ఎప్పుడో ఆవిడ కూతురు రోహిణి పెళ్ళికి వెళ్ళాను.

రేకుల గది ముందు కూచుని ఉల్లికాడలు తరుగుతోంది. నన్ను చూసి లేచి, "పెద్దమ్మా! గీ ముసురుల నడిసొచ్చిన్రా? జర కూసోండ్రి" అని స్టూలు తుడిచి వేసింది. నేను చెప్పబోతే చెప్పనివ్వలేదు.

"నాకు ఆ దినమే ఎరుక పెద్దమ్మా. పంచె ఆరేసి ఉండె. రోలు పక్కన కుంకుడు పొట్టు నేనే ఊడ్సిన."

"మరి ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే ఏమొస్తది? నాకైతే నాలుగిండ్లున్నయి, ఒకటి పోతే పోనీ అనుకున్న. మీకు గదొక్కటే ఇల్లు గద."

మళ్ళీ ఆవిడే అంది, "గేటు కాడ పేరే తీసేస్తరని నాకేమెరుక? నాలుగూ పోయినయి. గిప్పుడు చందానగర్ల హాస్టల్ల అంట్లు తోముతున్న. బస్సులు మారి పోవుడే పరేషాన్ అయితుంది. ఫికర్ చెయ్యకుండ్రి, ఎట్లనో ఎల్తది." ఆవిడ నన్ను ఓదార్చింది అన్నయ్యా. నేను ఓదార్పించుకుని వచ్చాను.

తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర జనం. ప్రవీణ చెప్పులు లేకుండా వానలో నిలబడి ఉంది. వెంకట్ ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చి సెక్యూరిటీ గదిలో కెమెరాలు చూస్తున్నాడు. రసజ్ఞ వచ్చి నన్ను కావిలించుకుని ఒకటే ఏడుపు. "ఈరమ్మ దగ్గరికి వెళ్ళాను, దారి నాకు తెలుసు" అంటే ఒక్కళ్ళూ వినిపించుకోలేదు. చెప్పకుండా వెళ్ళడం నా తప్పే. చెబితే వెళ్ళనిస్తారా?

నిన్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఇది ఏ నెల, వంద లోంచి ఏడు తీసేస్తే ఎంత, ఇలాంటివి అడిగింది. అన్నీ సరిగ్గానే చెప్పాను. అయినా ఇలాంటివి ఇలాగే మొదలవుతాయి, ఒంటరిగా ఉంచకండి, రెండు వారాల్లో మళ్ళీ చూపించండి అంది.

మిషను బాగైంది. వచ్చే నెల నుంచి నాకు తెల్లాపూర్ అని అనుకుంటున్నారు.

కనకం


రామారావుపేట, కాకినాడ
27 ఆగస్టు 2024

కనకం,

నాకు ఒళ్ళు మండిపోతోంది! నీకు మతి లేదంటారా? నాకు తెలిసిన అందరిలోనూ నిక్షేపంలాంటి మతి నీదే. నా సలహా వల్లే ఇంత దాకా వచ్చింది కనక దీన్ని నేనే సరిచేస్తాను.

నీ ఉత్తరాలన్నీ నా దగ్గర తారీఖుల వారీగా ఉన్నాయి. కట్ట కట్టి వెంకట్‌కి రిజిస్టరు పోస్టులో పంపిస్తాను. జూలై నుంచి ఒక్కొక్కటే చదవమను. ఇంత వరసగా రాసే మనిషికి మతి తప్పిందంటారేమో చూద్దాం. ఏ కోర్టులోనైనా నిలబడే సాక్ష్యం ఇది. నువ్వు ఊ అన్న మరుక్షణం పంపిస్తాను.

తెల్లాపూర్ వెళ్ళనని గట్టిగా చెప్పు. ఒక్క వారం ఓపిక పట్టు.

అన్నయ్య


కొత్తగూడ
4 సెప్టెంబరు 2024

అన్నయ్యా,

పంపకు. నీకు దణ్ణం పెడతాను, ఆ ఉత్తరాలు పంపకు. నీ ఉత్తరం నిన్ననే అందింది, అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఎందుకో చెబుతాను, కోప్పడకుండా చివరిదాకా చదువు.

తెల్లాపూర్ వద్దంటే పగలు నన్ను చూసుకోవడానికి మనిషిని పెడతామన్నాడు వెంకట్. ఏజెన్సీ వాళ్ళు ఫొటోలు పంపారు. ఎవరో కొత్త ముఖాలు. ఈరమ్మని పెట్టండి అన్నాను. ప్రవీణ ఇబ్బంది పడింది. ఫిర్యాదు చేసింది తనే, మళ్ళీ తనే ఎలా పిలుస్తుంది? పాపం, దానికీ బాధగానే ఉంది. మాట తేలలేదు.

సోమవారం డాక్టరమ్మ దగ్గర మళ్ళీ అవే ప్రశ్నలు. ఇది ఏ నెల అంది. మాఘమాసం అన్నాను. వందలోంచి ఏడు తీసేస్తే అంటే ఊరుకున్నాను. ప్రవీణని చూపించి ఈవిడెవరు అని అడిగింది. తెలియదన్నాను అన్నయ్యా. పద్ధెనిమిదేళ్ళుగా నాకు అన్నం పెడుతున్న పిల్లని చూసి తెలియదన్నాను. అది గబుక్కున మొహం గోడకేసి తిప్పుకుంది. అప్పుడు, "ఈరమ్మ ఏదీ? ఈరమ్మ రాలేదా?" అన్నాను. నాలుగు సార్లు అన్నాను. ఇలాంటి వాళ్ళకి అలవాటైన మనిషి దగ్గరుండటం మంచిది అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రమే ప్రవీణ గేటు వాళ్ళతో మాట్లాడి ఫిర్యాదు తీయించింది. రోహిణికి ఫోను చేసి, వాళ్ళమ్మని రమ్మని బతిమాలింది. నిన్నటి నుంచి ఈరమ్మ వస్తోంది. తొమ్మిదికి వచ్చి ఆరింటికి వెళుతుంది. చందానగర్ మానేసింది. పై అంతస్తు వాళ్ళు కూడా పొద్దున్నే తమ ఇంటికి రమ్మని పిలిచారు. నేనేం చేశానో ఆవిడకి అర్థమైంది. "గిదేంది పెద్దమ్మా, మీ పేరు మీరే తీసేసుకుంటరా?" అని తిట్టింది. తిట్టనీ.

మతి తప్పిందన్న పేరు పడుతుందని కదా ఆ రోజు నోరు మూసుకున్నాను! ఇప్పుడు ఆ పేరు నేనే పెట్టుకున్నాను. నిజం చెబితే నమ్మలేదు, అబద్ధం చెబితే ఇట్టే నమ్మారు. ఇంకో దారి నాకు దొరకలేదు.

కష్టంగానే ఉంది. నా ఎదుటే నా గురించి మాట్లాడుకుంటున్నారు. ప్రవీణ రోజూ నా గదిలోకి వచ్చి, "నేను ప్రవీణని అత్తయ్యా" అని చెబుతోంది. ఊ అంటున్నాను. రసజ్ఞ మాత్రం చాటుగా వచ్చి, "నానమ్మా, నా పేరేంటి?" అని అడుగుతోంది. దానికి చెప్పేస్తున్నాను. దాని దగ్గర నా వల్ల కాలేదు.

ఆ కట్ట వెంకట్ చేతికొచ్చిందంటే, అంతా తెలిసీ నాతో కలిసి నాటకమాడిందని ఈరమ్మ మళ్ళీ గేటు బయటే. అందుకని చింపెయ్యి. అన్నీ చింపెయ్యి. ఇదీ చింపెయ్యి.

ఇంకొకటి. మతి తప్పుతున్న మనిషి నాలుగు పేజీలు తారీఖు వేసి, వరస తప్పకుండా రాయదు కదా. నా గదిలో కాగితాలూ కలమూ కనపడితే అనుమానం వస్తుంది. దీన్ని ఈరమ్మ పోస్టు డబ్బాలో వేస్తుంది. దీని తరువాత రాయను. నువ్వు రాయాలనుకుంటే వెంకట్ పేరున రాయి, చదివి వినిపిస్తాడు. వాడు చదువుతుంటే నేను నీ గొంతుతోనే వింటాను. వేళకి తిను. ఆ చెవి మిషను పెట్టుకో, నా మీద ఒట్టు.

ఏడవకు అన్నయ్యా.

నీ కనకం


రామారావుపేట, కాకినాడ
12 సెప్టెంబరు 2024

చిరంజీవి వెంకట్‌కి మామయ్య ఆశీస్సులు. డాక్టరమ్మ చెప్పినవన్నీ చెవి మిషను పెట్టుకుని నీ ఫోనులో విన్నాను. నువ్వూ ప్రవీణా ధైర్యంగా ఉండండి. మీ అమ్మని విసుక్కోకండి. కింద రాసింది ఆమెకి నెమ్మదిగా చదివి వినిపించు. అర్థం కాకపోతే ఇంకోసారి చదువు.

అమ్మా కనకం,

నేను యజ్ఞనారాయణని. కాకినాడలో ఉంటాను. నీకు అన్నయ్యనవుతాను. నీకంటే ఆరేళ్ళు పెద్ద. మనిద్దరికీ అమ్మా నాన్నా ఒకళ్ళే. నువ్వు బాగా చదువుకున్నదానివి, మంచి దస్తూరి నీది. ఇవేవీ గుర్తు లేకపోయినా కంగారు పడకు, నాకు గుర్తున్నాయి.

నీ దగ్గర ఈరమ్మ అని ఒకావిడ ఉంటుందట. మంచి మనిషట. ఆవిడ చెప్పినట్టు విను.

నాకు జవాబు రాయక్కర్లేదమ్మా.

నీ అన్నయ్య
యజ్ఞనారాయణ